గుమ్మడికాయతో పాటు తీగ కూడా వచ్చింది

పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. అందులోని సంగతి ఇది.

ఆమెకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్లై రెండున్నరేళ్లు. మామగారు పెళ్లికి ముందే పోయారు. అత్తగారు గోదావరి జిల్లాలో ఒక పల్లెలో ఒంటరిగా ఉండేవారు. మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాక, ఐదు నెలల కిందట కొడుకు దగ్గరికి వచ్చారు. సాయంత్రాలు ఆవిడకు పొద్దుపోక ఇబ్బంది పడుతుంటే, కోడలు తనకు కాలేజీ రోజుల నుంచీ ఇష్టమైన కొరియన్ డ్రామాల్లోంచి ఒకదాన్ని టీవీలో పెట్టింది. అత్తాకోడళ్ల మీద సరదాగా నడిచే కథ కదా, ఆవిడకు నచ్చుతుందనుకుంది. తెలుగు డబ్బింగ్ లేదు. అత్తగారికి ఇంగ్లీషు రాదు. అందుకని కోడలే పక్కన కూర్చుని, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ, పాత్రల మాటలన్నీ తెలుగులో చెబుతూ వచ్చింది. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక భాగం. అత్తగారు మర్నాటి కూరకు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినేవారు. పొద్దున్నే పక్క ఫ్లాటావిడకు ఆ కథంతా మళ్లీ చెప్పేవారు. అంత బాగా సాగింది.

మూడు వారాల కిందట ఒక భాగంలో, ఎదురింటి గయ్యాళి ఆవిడే తన సొంత అత్తగారని కథానాయికకు తెలుస్తుంది. అప్పుడు ఈ పాఠకురాలు పెద్దగా నవ్వి, "అయిపోయింది దీని పని! అత్తలేని సంసారం ఎంత హాయిగా ఉండేది పాపం!" అన్నారు. అత్తగారు "నిద్రొస్తోందమ్మా" అని లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి టీవీ ముందుకు రావడం లేదు. ఏడింటికే భోంచేసి గదిలోకి వెళ్తున్నారు. మోకాలు నయమైంది, ఊళ్లో ఇల్లు పాడుబడుతోంది, వెళ్లిపోతానంటున్నారు. విశాఖపట్నం నుంచి ఆడపడుచు ఫోన్ చేసి "అమ్మకి అలాంటివి ఎందుకు చూపిస్తున్నావు వదినా?" అని అడిగింది. భర్తేమో "సీరియల్ కోసం గొడవేంటి, సారీ చెప్పెయ్, అయిపోతుంది" అంటున్నాడు.

సారీ చెబితే లేని తప్పు ఒప్పుకున్నట్టు కాదా? ఆవిడను ఊరికి పంపితే నలుగురూ ఏమంటారు? ఇవీ ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది: "ఆ మాట సీరియల్ గురించే అన్నాను. కానీ పూర్తిగా సీరియల్ గురించే కాదేమో."

సమాధానం:

అమ్మా, మీరు చూస్తున్న డ్రామా నేను 58 భాగాలూ చూశాను. కొన్ని చోట్ల నవ్వాను, కొన్ని చోట్ల కళ్లు తుడుచుకున్నాను. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే మీ హాల్లో సోఫా చివర నేనూ కూర్చున్నట్టే అనిపించింది.

తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ఇంగ్లీషులో 'మై హజ్బెండ్ గాట్ ఎ ఫ్యామిలీ' అనే ఈ డ్రామా 2012 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా కొరియా ప్రభుత్వ ప్రసార సంస్థ కేబీఎస్‌లో శని, ఆదివారాల్లో వచ్చింది. రేటింగు 45 శాతం దాటింది. కథానాయిక చా యూన్-హీ టీవీ డ్రామాలు తీసే సంస్థలో నిర్మాత. తన చేతి సంపాదన ఉన్న మనిషి. పెళ్లి చేసుకోవాలంటే మంచి ఉద్యోగం ఉన్న అనాథ కావాలని ఆమె కోరిక. అలాగే దొరికాడు. చిన్నప్పుడు తప్పిపోయి, అమెరికాలో పెంపుడు తల్లిదండ్రుల దగ్గర పెరిగిన సర్జన్. అత్త లేదు, మామ లేడు, ఆడపడుచులు లేరు. తీరా అద్దెకు దిగిన ఇంట్లో, రోజూ కయ్యమాడుతున్న ఇంటివాళ్లే భర్తను కన్నవాళ్లని తేలుతుంది. అత్తమామలు, ముగ్గురు ఆడపడుచులు, వాళ్లందరి మీద ఒక నాయనమ్మ.

ఆ డ్రామా కొరియన్ పేరుకు అర్థం 'తీగతో సహా దొర్లుకుంటూ వచ్చిన నువ్వు'. అనుకోకుండా అదృష్టం తగిలితే, గుమ్మడికాయ తీగతో సహా దొర్లి వచ్చిందని కొరియావాళ్లు అంటారు. యూన్-హీ కాయ ఒక్కటే చాలనుకుంది. తీగంతా వచ్చింది. మనవాళ్లు 'అత్తలేని కోడలు ఉత్తమురాలు' అన్న సామెతను ఆమె జీవితంలో పెట్టి చూసినట్టుంటుంది ఆ కథ. ఆ సామెతకు రెండో సగం కూడా ఉందని మీకు తెలుసు. కోడలు లేని అత్త గుణవంతురాలు. రచయిత్రి పాక్ జి-ఉన్ ఆ రెండో సగాన్ని కూడా వదల్లేదు.

ఇక మీ ఇంటి సంగతి. మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను.

మొదటిది: "సబ్‌టైటిల్లో మదర్, మదర్ ఇన్ లా అని వస్తే అత్తయ్యా అని చెప్పేదాన్ని." తప్పేం లేదు, అంతకంటే సహజమైన మాట తెలుగులో లేదు. కొరియాలో కోడలు అత్తగారిని 'ఓమోనిమ్' అని పిలుస్తుంది, అమ్మగారూ అన్నట్టు. మీరు దాన్ని 'అత్తయ్యా' చేశారు. మీ ఇంట్లో మీరు ఆవిడను పిలిచేదీ అలాగే. అంటే కొన్ని వారాలుగా, రాత్రి పూట, ఆవిడ పక్కనే కూర్చుని, మీ గొంతుతో, యూన్-హీ అనే మాటలన్నీ మీరు అన్నారు. "అత్తయ్యా, నా ఇంట్లోకి చెప్పకుండా రాకండి" లాంటి మాట ఏదైనా వస్తే తెర మీద యూన్-హీ పాత్ర వేసిన కిమ్ నామ్-జు పెదవులు కదిలాయి, కానీ ఆవిడ చెవిన పడింది మీ గొంతు. ఆ అమ్మాయిని నోటితో ఆవిడ దగ్గరికి తెచ్చినవారు మీరే కాబట్టి, ఏ మాట ఆ అమ్మాయిదో, ఏ మాట మీదో విడదీసుకోవడం ఆవిడకు కష్టమై ఉంటుంది. మొదట్లో ఆవిడ హాయిగా నవ్వగలిగారంటే మనసు పెద్దదనే నా లెక్క.

రెండోది ఇంకా చిన్న వాక్యం: "ఆ భాగంలో ఆ తల్లి ఏడుస్తూ గబగబా మాట్లాడుతుంటే చదవడం కుదరక, ఏదో ఏడుస్తోంది లెండి అని వదిలేశాను."

అమ్మా, ఆ తల్లి ముప్ఫై ఏళ్లు కొడుకు కోసం ఎదురుచూసిన మనిషి. కొడుకు తప్పిపోయిన రోజే పుట్టిన రెండో కూతురికి ఆ ఇంట్లో పుట్టినరోజు కూడా చేయలేదు. పిల్లాణ్ని పోగొట్టావని సొంత అత్తగారి చేత మాటలు పడుతూ, అదే ఇంట్లో, అదే వంటగదిలో బతికింది. ఆ పాత్ర వేసిన యూన్ యో-జంగ్ తర్వాత 2021లో ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకున్నారు. భాష రాకపోయినా ఆవిడ ముఖం చూస్తే విషయం తెలిసిపోతుంది. మీ అత్తగారికీ తెలిసే ఉంటుంది. మాటలు మాత్రం అందలేదు. అందవలసిన చోట మీ నవ్వు వినిపించింది.

మీవారి గురించి రాస్తూ, పదో తరగతి కాగానే విజయవాడలో హాస్టల్‌లో వేశారని, తర్వాత ఇంజనీరింగ్, బెంగళూరు ఉద్యోగం, రెండేళ్లు అమెరికా అన్నీ వరసగా చెప్పారు. పదిహేనేళ్ల వయసులో ఇంట్లోంచి వెళ్లిన పిల్లాడు మళ్లీ ఆ ఇంట్లో పది రోజులు ఏకంగా ఉన్నాడా? మన తల్లులు ఎందరో ఇలాగే కొడుకుల్ని పోగొట్టుకున్నారు, ఎవరి తప్పూ లేకుండా, చదువు పేరుతో, చేతులారా. ఆవిడ ఐదు నెలల కిందట ఆ కొడుకు ఇంటికి వచ్చి, రోజూ రాత్రి వాడు అన్నం తినడం చూస్తున్నారు. తెర మీద ఒక తల్లికి కొడుకు దొరికిన క్షణాన మీరు కోడలి వైపు నుంచి నవ్వారు, ఆవిడ తల్లి వైపు నుంచి చూస్తున్నారు. ఆవిడ లేచి వెళ్లింది మీ మాటకొక్కదానికే అని నాకు అనిపించడం లేదు.

మీ వైపు న్యాయమూ చెప్పాలి. యూన్-హీ కోరిక ఒక అత్తగారి మీది కసి కాదు. కొరియాలో అత్తవారి వైపు చుట్టరికాలన్నిటికీ ముందు 'షి' అనే అక్షరం వస్తుంది. షి-ఓమోని అత్తగారు, షి-అబోజి మామగారు, షి-నుయి ఆడపడుచు. ఆ లోకానికంతటికీ కలిపి, ఇంగ్లీషు 'వరల్డ్' తగిలించి, 'షి-వోల్డ్' అని పేరు పెట్టారు. పాలకూరను వాళ్లు షిగుమ్‌చి అంటారు. 'షి'తో మొదలవుతుంది కాబట్టి కోడళ్లు పాలకూర కూడా తినరని అక్కడొక హాస్యం. కొత్త కోడలు మూడేళ్లు మూగదానిలా, మూడేళ్లు చెవిటిదానిలా, మూడేళ్లు గుడ్డిదానిలా ఉండాలని వాళ్ల పాత మాట. పెళ్లైన స్త్రీ పేరును పుట్టింటి రిజిస్టరు నుంచి తీసి, భర్త ఇంటి మగ పెద్ద కింద రాసే 'హోజు' పద్ధతి చట్టంలోనే ఉండేది. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2005లో దాన్ని తప్పుబడితే, 2008 జనవరి 1 నుంచి పూర్తిగా పోయింది. ఈ డ్రామా వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకే. టీవీ ముందు కూర్చున్న కోడళ్లలో ఆ రిజిస్టర్లలోకి ఎక్కినవాళ్లు ఎందరో ఉంటారు. యూన్-హీ భయానికి అంత వెనకటి కథ ఉంది.

మీకూ మీ సొంత కారణం ఉంది, దాచకుండా రాశారు. రెండేళ్లు ఆ ఇంట్లో మీరిద్దరే ఉన్నారు. ఆదివారం పదింటికి లేచేవారు, బద్ధకం వేస్తే బయటి నుంచి తెప్పించుకునేవారు. ఇప్పుడు ఆరింటికి వంటింట్లో గిన్నెల చప్పుడు. ఎవరూ ఏమీ అనడం లేదు, అయినా పడుకుని ఉండలేకపోతున్నారు. ఆ హాయి కావాలనుకోవడం పాపం కాదమ్మా. అత్తగారి మీద ప్రేమ, అత్తగారు లేని ఆదివారం మీద బెంగ, రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నేరుగా అడగవలసిన దాన్ని మీరు అడగలేదు. అది సీరియల్ మీద నవ్వులో బయటికి వచ్చేసింది.

ఇప్పుడు ఏం చేయవచ్చు?

మీవారు చెప్పినట్టు "సారీ అత్తయ్యా" అని ఊరుకోవచ్చు. నిమిషంలో అయిపోతుంది. ఆవిడ "నాకేం కోపం లేదమ్మా" అంటారు. తలుపు మర్యాదగా మూసుకుంటుంది. తర్వాత మీరు ఆ సంగతి మళ్లీ ఎత్తలేరు, ఆవిడా ఎత్తరు. ఏడింటి భోజనం అలవాటైపోతుంది.

దేనికి నొచ్చుకున్నారో ఆ ముక్క పట్టుకుని చెప్పవచ్చు. "ఆ రోజు ఆ తల్లి ఏడుస్తుంటే నేను మాటలు మింగేశాను, పైగా నవ్వాను. నాకే బాగాలేదు అత్తయ్యా" అన్నంత. ఇందులో మీరు చేయని తప్పు ఒప్పుకోవడమేమీ లేదు, జరిగింది జరిగినట్టు చెప్పడమే. ఆవిడ వెంటనే కరిగిపోతారని మాట ఇవ్వలేను. ఎదురు ప్రశ్న వేయవచ్చు: "నేనుంటే నీకు ఇబ్బందేనా అమ్మాయ్?" అని. దానికి మీరు సిద్ధపడే మాట్లాడాలి. ఛ, అదేం లేదని అబద్ధం చెప్పకండి, ఆవిడ పట్టేస్తారు. "ఒక్కోసారి ఇబ్బందే, మీరు వెళ్లిపోతే అంతకంటే ఇబ్బంది" అని మీకు నిజంగా అనిపిస్తే అదే చెప్పండి. ఆదివారం పొద్దున పది దాకా మమ్మల్ని పడుకోనివ్వండి, ఆ రోజు కాఫీ నేను పెట్టి ఇస్తాను అని అడగండి. ఆవిడ కూడా ఒకటి అడగనివ్వండి. ఏమడుగుతారో నేను ఊహించలేను. బహుశా మీరు ఇంతవరకు గమనించని చిన్న సంగతేదో అయి ఉంటుంది.

ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. కొందరిళ్లలో మనస్తాపాలు వాటంతట అవే చల్లారతాయి. కానీ మీ ఇంట్లో మూడు వారాలైంది, ఆవిడ పెట్టె సర్దుకునే మాట మాట్లాడుతున్నారు. ఆగితే తగ్గుతుందనే గుర్తు నాకు కనబడలేదు.

ఊరికి వెళ్లడం గురించి. ఆవిడకు ఇల్లుంది, పెరడుంది, పలకరించే అరుగులున్నాయి. అవి గుర్తొస్తే వెళ్లాలనిపించడం సహజం. నలుగురూ ఏమంటారన్నది లెక్కలోకి తీసుకోవద్దు, ఆ నలుగురిలో ఎవరూ మీ ఇంట్లో చిక్కుడుకాయలు ఒలవలేదు. చూడవలసింది ఒకటే, ఆవిడ ఇల్లు చూసుకోవడానికి వెళ్తున్నారా, మీ ఇంట్లో ఉండలేక వెళ్తున్నారా. మాట్లాడుకున్నాక వెళ్తే నెల తర్వాత తిరిగి వస్తారు. మాట్లాడుకోకుండా వెళ్తే పండక్కి పిలిచినా మోకాలి నొప్పి అంటారు. వెళ్లేట్టయితే బస్సెక్కించే పని కొడుక్కి అప్పగించక, మీరిద్దరూ వెళ్లి రెండు రోజులుండి దింపి రండి.

మీ ఆడపడుచు మీద మీకు బాగా కోపం వచ్చింది, ఉత్తరంలో తెలుస్తోంది. కొట్టే అత్త కంటే మధ్యలో ఆపడానికి వచ్చే ఆడపడుచు మీదే ఒళ్లు మండుతుందని కొరియాలో సామెత. ఆడపడుచు అర్ధమొగుడు అని మనమూ అన్నాం. అయినా ఆ అమ్మాయి వైపు నుంచి ఆలోచించండి. తల్లి ఫోన్లో గొంతు మార్చి మాట్లాడితే కూతురు ఊరుకోలేదు. జరిగింది మీరే చెప్పండి, సంజాయిషీలా కాదు, కబురులా. యూన్-హీ కూడా ఒకరికి ఆడపడుచే. ఆమె తల్లీ ఒక కోడలికి అత్తే, ఆ కోడలు గట్టి మనిషి. అంతేనా, యూన్-హీని సతాయించే చిన్న ఆడపడుచు వెళ్లి యూన్-హీ తమ్ముణ్నే ప్రేమిస్తుంది. మన దగ్గర కుండమార్పిడి పెళ్లిళ్లు మామూలే, మీ అత్తగారి ఊళ్లోనే రెండు మూడు ఉండి ఉంటాయి. కొరియాలో అలాంటి వియ్యం మీద పెద్దలకు మొహమాటం ఎక్కువ. రేపు ఆ పిల్ల తన ఇంటి కోడలవుతుందంటే యూన్-హీ ముఖం వెలిగిపోతుంది. ఆ భాగాలు మీరింకా చూడలేదు. అవి మాత్రం ఇద్దరూ కలిసే చూడాలి.

మీవారి సంగతి. యూన్-హీ భర్తకు కొరియా జనం 'కుంగ్మిన్ నామ్‌ప్యోన్' అని పేరు పెట్టారు, దేశమంతా మెచ్చిన మొగుడని. తల్లిని ఒక్క మాట అనకుండా భార్య పక్కన నిలబడటం అతనికి వచ్చు. మీవారిని అతనితో పోల్చి రెండు పేరాలు రాశారు. ఆ పోలిక వదిలేయండి. అతని మాటలు రచయిత్రి రాసింది, మీవారి మాటలు ఆయనే వెతుక్కోవాలి. అయితే ఒక పని ఆయనకు చెప్పండి. రాత్రి గంట సేపు ఫోన్ పక్కన పెట్టి హాల్లో కూర్చోమనండి. ఇంగ్లీషు ఆయనకూ వచ్చు కదా. యూన్-హీ మాటలు మీరు చెప్పండి, తల్లి మాటలు ఆయన్ని చెప్పమనండి. కొడుకు గొంతులో ఆ తల్లి మాటలు వింటే మీ అత్తగారికి ఎలా ఉంటుందో, చెబుతుంటే ఆయనకు ఎలా ఉంటుందో చూడండి.

మళ్లీ చూడటం మొదలైతే చిన్న చిన్న మార్పులు చేసుకోండి. పాత్రల్ని పేర్లతో చెప్పండి, 'అత్తయ్యా' అన్న పిలుపును మీ ఇంటికే ఉంచుకోండి. ఇంగ్లీషులో సిస్టర్ ఇన్ లా అని వచ్చిన చోటల్లా ఆగి, ఇది ఆడపడుచా, తోటికోడలా, వదినా, మరదలా అని ఆవిణ్నే అడగండి. కొరియన్‌లో షి-నుయి వేరు, దోంగ్‌సో వేరు, ఓల్కే వేరు. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెడుతుంది. ఆ చుట్టరికాలు ముఖాలు చూసి చెప్పగలిగేది మీకంటే ఆవిడే. తర్వాతి భాగాల్లో ఒకచోట యూన్-హీకి గర్భం పోతుంది. పిల్లల ప్రస్తావన మీ ఇంట్లో ఇప్పుడిప్పుడే వస్తోందని రాశారు కాబట్టి, కథ చెడిపోయినా సరే, ముందుగా చెబుతున్నాను. ఆ రాత్రికి మనసు సిద్ధంగా ఉంచుకోండి, లేదా ఆ ఒక్క భాగం మీరు ముందే చూసేయండి.

ఆవిడకు ఇక ఆ డ్రామా వద్దనిపిస్తే బలవంతపెట్టకండి. అప్పుడు టీవీ కట్టేసి, ఆవిడ కోడలిగా ఉన్న రోజుల గురించి అడగండి. మూడేళ్లు మూగగా, మూడేళ్లు చెవిటిగా ఉండటం ఆవిడకూ తెలిసే ఉంటుంది. ఆ కథకు ఇంగ్లీషు అక్షరాలు చదవక్కర్లేదు.

సరేనంటే మాత్రం కొత్త భాగం పెట్టకండి. ఆ రోజుదే మళ్లీ పెట్టండి. ఆ తల్లి ఏడ్చే చోట రిమోట్ మీవారికిచ్చి, వాక్యం వాక్యానికీ ఆపించి, మీరు ఆ రోజు వదిలేసిన మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆవిడకు చెప్పించండి.